లీ కార్బైడ్ ఫ్యాక్టరీ క్రింప్ డై, 9 ఎంఎం: రెండు వేల రౌండ్ల తర్వాత

ఈ డై, అంటే ఇంట్లో పిస్టల్ తూటాలు తయారుచేసేటప్పుడు చివర్లో తూటా నోటిని బిగించే పనిముట్టు, ఎందుకు కొనాల్సి వచ్చిందో ముందు చెప్పాలి. అది చెప్పకుండా ఐదుకి ఇన్ని నక్షత్రాలని ఇస్తే, కొనేవాళ్లకి ఏ ఉపయోగమూ ఉండదు.

మార్చిలో ఒక శనివారం. డాలస్ దగ్గర మేం వెళ్లే రేంజిలో నెలనెలా జరిగే ప్రాక్టికల్ పిస్టల్ మ్యాచ్. నేనూ మా బావమరిదీ కలిసే వెళ్తాం. ఇద్దరికీ రౌండ్లు, అంటే తూటాలు, తయారుచేసేది నేనే, మా గరాజులో. మొదటి స్టేజి పాత 124 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువుకి కొలత) రౌండ్లతో అయింది. రెండో స్టేజికి, అంతకు ముందు వారం చేసిన కొత్త 147 గ్రెయిన్ల రౌండ్లు పెట్టుకున్నాం. ఏడెనిమిది కాల్చాక మావాడి పిస్టల్ ఆగిపోయింది. స్లైడ్, అంటే పిస్టల్ మీద ముందుకీ వెనక్కీ జరిగే పై భాగం, పూర్తిగా ముందుకు రాలేదు, గోరు మందం వెనకే నిలబడింది. లాగితే రాదు, తోస్తే పోదు.

మావాడు నేర్చుకున్నది మరిచిపోలేదు. గొట్టం టార్గెట్ల వైపే ఉంచి, వేలు ట్రిగ్గర్ బయటపెట్టి, రెండో చెయ్యి ఎత్తాడు. రేంజ్ ఆఫీసర్ వచ్చి పక్కకి తీసుకెళ్లి స్లైడ్‌ని బలంగా వెనక్కి లాగితే ఇత్తడి కేస్ ఒక్కటే బయటికి వచ్చింది. బుల్లెట్ గొట్టంలోనే ఇరుక్కుపోయింది, లోపలి పేలుడు పౌడరంతా మ్యాగజీన్ మీద ఒలికిపోయింది. తర్వాత ఇత్తడి కడ్డీతో ముందు నుంచి తట్టి బుల్లెట్ తీశారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ పౌడర్ చూసినప్పుడు నా చేతులు చల్లబడిపోయాయి. ఆ రౌండు చేసింది నేను. పట్టుకున్నది నా భార్య తమ్ముడు.

నన్ను ఇంకా బాధపెట్టింది ఏమిటంటే, ఆ పెట్టెలో ప్రతి రౌండునీ నేను కేస్ గేజిలో, అంటే రౌండు కొలత సరిచూసే దిమ్మెలో, వేసి చూశాను. అన్నీ పాసయ్యాయి.

గేజిల సంగతి నాకు తెలియదని కాదు. హైదరాబాద్ బాలానగర్‌లోని సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్)లో టూల్, డై అండ్ మోల్డ్ మేకింగ్ డిప్లొమా చేసినవాణ్ణి. 1968 నుంచీ ఉన్న సంస్థ అది. అక్కడ మొదటి సంవత్సరంలోనే ప్లగ్ గేజ్, రింగ్ గేజ్ చేతికిచ్చి, గో (దూరాలి) అంటే ఏమిటో, నో-గో (దూరకూడదు) అంటే ఏమిటో బుర్రకెక్కేదాకా చెప్పేవారు. గేజి తను కొలవడానికి పుట్టిన కొలత ఒక్కటే చెబుతుంది, మిగతావి దాన్ని అడగకూడదు అని మా ఇన్‌స్ట్రక్టర్ గారు ఎన్నిసార్లు అన్నారో. ఇరవై ఏళ్ల తర్వాత సరిగ్గా ఆ మాటే మరిచిపోయాను.

కొత్తవాళ్ల కోసం పదాలు చెబుతాను, ఎందుకంటే మన భాషలో అన్నిటినీ కలిపి తూటా అనేస్తాం. ఇత్తడి గిన్నెలాంటిది కేస్. అందులో అడుగున నిప్పు రాజేసే ప్రైమర్, లోపల పౌడర్. పైన కూర్చునే లోహపు ముక్క బుల్లెట్. అన్నీ కలిస్తే రౌండు. రౌండు వెళ్లి కూర్చునే గది ఛాంబర్. ఛాంబర్ దాటాక గొట్టం లోపల మెలి తిరిగిన గాళ్లూ గట్లూ ఉంటాయి, అవే రైఫ్లింగ్. ఛాంబర్ అయిపోయే చోటుకీ, గట్లు మొదలయ్యే చోటుకీ మధ్య ఉండే ఖాళీని గొంతు అంటాను. నా సమస్యంతా ఆ గొంతులోనే ఉంది.

9 ఎంఎం లూగర్ కేస్ నిటారు గొట్టం కాదు. అడుగున 0.391 అంగుళాలు, నోటి దగ్గర 0.380, అంటే పైకి వచ్చేకొద్దీ కొద్దిగా సన్నబడుతుంది. ఛాంబర్‌లో అది ఎంత లోపలికి వెళ్లి ఆగాలో నిర్ణయించేది కేస్ నోటి అంచే. ఆ అంచు ఛాంబర్ చివర ఉన్న మెట్టుకి ఆనుతుంది. అందుకే దీన్ని రివాల్వర్ రౌండులా నోరు లోపలికి ముడిచి క్రింప్ చెయ్యకూడదు. అంచు పోతే ఆనడానికి ఏమీ మిగలదు. బుల్లెట్ పట్టడానికి నోటిని ముందు గంటలా కాస్త విప్పుతాం కదా, ఆ విప్పుని మళ్లీ సరిచేస్తే చాలు. దానికే టేపర్ క్రింప్ అని పేరు.

ఆ ఆదివారం ఇంట్లో చేసింది ఇది. మావాడు తన పిస్టల్ గొట్టాన్ని విడదీసి, శుభ్రం చేసి, పాత తువ్వాలులో చుట్టుకుని వచ్చాడు. నా గ్లాక్ 17 గొట్టం కూడా తీసి పక్కన పెట్టాను. మిగిలిన 180 రౌండ్లని ఒక్కొక్కటిగా ముందు నా గొట్టంలో వదిలాను. వదిలితే టక్కుమని చప్పుడు రావాలి, వేలితో తిప్పితే అడ్డం లేకుండా తిరగాలి, గొట్టం తలకిందులు చేస్తే దానంతట అదే జారి పడాలి. ఈ మూడూ అయితేనే పాస్. ప్లంక్ టెస్ట్ అంటారు దీన్ని, ఒక్క పైసా ఖర్చు లేదు. నా గొట్టంలో 173 చక్కగా పాసయ్యాయి. ఏడు మాత్రం దిగాయి గానీ తిరగడానికి మొరాయించాయి. మావాడి గొట్టంలో 120 పైనే తిరగలేదు. కొన్నిటిని వేలితో పట్టి లాగాల్సి వచ్చింది.

తర్వాత నల్ల మార్కర్. తిరగని రౌండు ఒకటి తీసుకుని, బుల్లెట్ మీదా కేస్ మీదా పూర్తిగా నల్లరంగు పూసి, ఆరాక గొట్టంలో వేసి, మెల్లగా నొక్కి, కొద్దిగా తిప్పి తీయాలి. ఎక్కడ రంగు చెరిగితే అక్కడే గొడవ. మావాడి గొట్టంలోంచి తీసిన రౌండ్ల మీద కేస్ అంతా నల్లగానే ఉంది. బుల్లెట్ ముక్కు వంపు తిరిగి పూర్తి లావుకి వచ్చే చోట మాత్రం చుట్టూ చిన్న చిన్న మెరిసే గీతలు. అంటే బుల్లెట్ రైఫ్లింగ్ గట్లకి తగులుతోంది. రౌండు పొడవెక్కువ.

మావాడిది సీజడ్ 75 కుటుంబం పిస్టల్. వాటిలో గొంతు పొట్టిగా ఉంటుందన్నది రీలోడింగ్ చేసేవాళ్లందరికీ తెలిసిన మాటే. అది లోపం కాదు, ఆ గొట్టం తీరు అది, దానికి తగ్గట్టు చేసుకోవాలి. నేను చేసిన తప్పు ఏమిటంటే, 124 గ్రెయిన్ల గుండ్రని ముక్కు బుల్లెట్‌కి పనికొచ్చిన 1.135 అంగుళాల పొడవునే 147 గ్రెయిన్ల చదును ముక్కు బుల్లెట్‌కీ ఉంచేశాను. చదును ముక్కు బుల్లెట్‌కి లావు చాలా ముందు నుంచే మొదలవుతుంది. పొడవు ఒకటే అయినా, ఆ లావు భాగం గట్లకి ఎంతో దగ్గరగా వెళ్లిపోతుంది. ప్రమాణాల ప్రకారం 9 ఎంఎం రౌండు 1.169 అంగుళాల దాకా ఉండొచ్చు కదా, నాది 1.135 మాత్రమే కదా అనుకున్నాను. ఆ 1.169 గరిష్ఠ హద్దు మాత్రమే. ప్రతి బుల్లెట్టూ ఆ పొడవులో ప్రతి గొట్టంలోనూ పడుతుందని దాని అర్థం కాదు.

మరి కేస్ గేజి ఎందుకు పట్టుకోలేదు? నా దగ్గరున్న గేజి స్టీలు దిమ్మెలో తొలిచిన ఛాంబర్ ఆకారం, అంతే. దానికి గొంతు లేదు, గట్లు లేవు. కేస్ లావునీ పొడవునీ చెబుతుంది, బుల్లెట్ గురించి దానికేమీ తెలియదు. పెట్టె మీద ఆ సంగతి ఒక్క లైను రాసుంటే ఎంత బాగుండేది! దానికి వ్యతిరేకంగా కూడా జరుగుతుంది. గేజిలో ఫెయిలైన రౌండు గొట్టంలో హాయిగా పడుతుంది. అలాంటిది కనిపిస్తే రౌండుని తిప్పి, అడుగు వైపు నుంచి గేజిలో పెట్టి చూడండి. చాలాసార్లు ఖాళీ కేస్‌ని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ గీరడం వల్ల అడుగు అంచు మీద లేచిన చిన్న లోహపు ముల్లు (బర్ర్) అడ్డుపడుతూ ఉంటుంది. రేంజిలో ఏరుకొచ్చిన కేసులతో ఇది మామూలే.

ఇక ఆ ఏడు రౌండ్లు. వాటి మీద రంగు ఇంకో చోట చెరిగింది, కేస్ నడుముకి పైన, ఒక్క పక్కనే. వేలి గోరుతో రాస్తే అక్కడ చిన్న ఉబ్బు తెలుస్తోంది. బుల్లెట్ వంకరగా దిగి, దాని అడుగు అంచు ఒక వైపు కేస్ గోడని బయటికి తోసింది. కారణం రెండు చోట్ల దొరికింది. కేస్ నోటిని నేను సరిపడా విప్పలేదు, బుల్లెట్ నిటారుగా నిలబడటానికి చోటు లేదు. పైగా బుల్లెట్‌ని కేస్‌లోకి దింపే సీటింగ్ డై లోపలి కడ్డీ గుండ్రని ముక్కు కోసం చేసింది, చదును ముక్కు దాని గుంటలో అటో ఇటో ఒరిగిపోతోంది. ఈ ఏడూ నా గేజిలో కాస్త గట్టిగా వెళ్లి ఉంటాయి, నేను బొటనవేలితో నొక్కి పాస్ అనుకుని ఉంటాను. గేజిలో వేలితో నొక్కడం అంటే గేజి చెప్పేది వినకపోవడమే.

అప్పుడు మా బావమరిది అడిగాడు, "బావా, పొడవెక్కువైతే మళ్లీ డైలో పెట్టి ఇంకాస్త లోపలికి నొక్కేస్తే పోతుందిగా?"

"పోదురా," అన్నాను. ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. 9 ఎంఎం కేస్ చిన్నది, లోపల ఖాళీ తక్కువ. బుల్లెట్‌ని లోపలికి దింపితే ఆ ఖాళీ ఇంకా తగ్గుతుంది, అదే పౌడర్ ఇంకా ఇరుకు చోట మండుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. ఈ రౌండుకి ప్రమాణాల హద్దు చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు. ఒక పొడవు దగ్గర చూసుకున్న పౌడర్ తూకం, ఇంకో పొడవుకి చెల్లదు. కొత్త పొడవు అంటే మళ్లీ లోడింగ్ మాన్యువల్ (పౌడర్ తూకాల పుస్తకం) తెరిచి, అందులో ఇచ్చిన మొదటి తూకం నుంచి మొదలుపెట్టి, మెల్లగా పైకి రావడమే. అందుకే చెక్కుచెదరని 173 రౌండ్లని వేరే పెట్టెలో పెట్టి, మూత మీద పెద్ద అక్షరాలతో నా గ్లాక్ పేరు మాత్రమే రాశాను. ప్రాక్టీసులో నేనే కాల్చేశాను. ఆ ఏడింటినీ సుత్తి పుల్లర్ (బుల్లెట్‌ని ఊడదీసే పనిముట్టు)తో విప్పేశాను.

ఇప్పుడు డై సంగతి. మ్యాచ్‌లో ఒక పెద్దాయన నా కథ విని "లీ ఫ్యాక్టరీ క్రింప్ డై కొను, అన్నీ పోతాయి" అన్నారు. విస్కాన్సిన్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్‌లోని లీ ప్రెసిషన్ వాళ్లది. రౌండ్లు చేసే నా ప్రెస్ కూడా వాళ్ల క్లాసిక్ టరెట్టే, డైలు బిగించడానికి నాలుగు గుంతలు, నాలుగోది ఖాళీగా ఉంది. పాతిక డాలర్ల లోపే వచ్చింది. అన్నీ పోవు, కానీ పోయేవి బాగా పోతాయి.

ఇది రెండు పనులు చేస్తుంది. డై అడుగున ఒక కార్బైడ్ రింగు ఉంది. పూర్తయిన రౌండు పైకి వెళ్లేటప్పుడూ, కిందికి వచ్చేటప్పుడూ ఆ రింగులోంచి దూరుతుంది, ఎక్కడైనా హద్దు దాటి ఉబ్బి ఉంటే అక్కడ సరిచేస్తుంది. పైన ఉన్న నాబ్ తిప్పితే క్రింప్ ఎక్కువ తక్కువ అవుతుంది. బుల్లెట్ దింపడం, క్రింప్ చెయ్యడం వేర్వేరు డైలలో జరగడం నాకు అన్నిటికన్నా నచ్చింది. రెండూ ఒకే డైలో చేస్తే, నోరు మూసుకుంటూ ఉండగానే బుల్లెట్ ఇంకా కిందికి దిగుతూ ఉంటుంది. దాని పైపూతని కేస్ అంచు గీరేస్తుంది.

సెట్టింగ్ తేలిక. నాబ్ పూర్తిగా పైకి విప్పి, ర్యామ్ (హ్యాండిల్‌తో లేచే కడ్డీ) పైకి లేపి, దాని మీద కేస్‌ని పట్టుకునే షెల్ హోల్డర్‌కి తగిలేదాకా డైని దింపాలి. తర్వాత ఒక రౌండు పెట్టి ర్యామ్ లేపి, నాబ్ తగులుతున్నట్టు తెలిసేదాకా తిప్పాలి. ర్యామ్ దించి, ఇంకో అర చుట్టు. అది తేలిక క్రింప్. పూర్తి చుట్టు అంటే గట్టి క్రింప్. నేను అర చుట్టుతో మొదలుపెట్టి కాలిపర్‌తో కొలుచుకుంటూ వెళ్లాను. లెక్క ఇలా: బుల్లెట్ 0.355, కేస్ గోడ నోటి దగ్గర దాదాపు 0.011, రెండు వైపులా కలిపితే 0.377. నోటి కొలత 0.378 దగ్గర ఉంటే చాలు, ఇంకా బిగించక్కర్లేదు.

బిగిస్తే బుల్లెట్ గట్టిగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. 9 ఎంఎంలో బుల్లెట్‌ని పట్టి ఉంచేది కేస్ గోడల బిగువు. అది మొదట్లో కేస్‌ని కొలతకి నొక్కే సైజింగ్ డైలోనే నిర్ణయమైపోతుంది. క్రింప్ అతిగా చేస్తే ఇత్తడి కొద్దిగా వెనక్కి తిరిగొస్తుంది, మెత్తని సీసం రాదు, పట్టు వదులవుతుంది. ప్లేటింగ్ బుల్లెట్ అయితే పైనున్న రాగి పొర తెగుతుంది. సరిచూసుకోవడానికి ఒక రౌండు విప్పి, బుల్లెట్ మీద గోరుతో రాయండి. కనిపించీ కనిపించని గీత ఉంటే సరే, గోరు పట్టేంత గాడి ఉంటే నాబ్ వెనక్కి తిప్పండి. ఇంకో పరీక్ష కూడా ఉంది. రౌండు పొడవు కొలిచి, ముక్కుని చెక్క బల్లకి ఆనించి బొటనవేళ్లతో గట్టిగా నొక్కి, మళ్లీ కొలవండి. పొడవు తగ్గకూడదు. తగ్గిందంటే, పిస్టల్‌లో రౌండు ఛాంబర్‌లోకి ఎక్కించే వాలు (ర్యాంప్)కి కొట్టుకున్నప్పుడూ అలాగే లోపలికి పోతుంది, ఒత్తిడి పెరుగుతుంది.

డై వచ్చాక కొత్త బ్యాచ్ మొదటి నుంచి చేశాను. ప్రైమర్ లేని, పౌడర్ లేని ఖాళీ రౌండు ఒకటి తీసుకుని, మావాడి గొట్టంలో తిరిగేదాకా కొద్దికొద్దిగా బుల్లెట్ దింపుతూ పోయాను. 1.131 దగ్గర స్వేచ్ఛగా తిరిగింది. సీటింగ్‌లో నాకు మూడు నాలుగు థౌల (అంగుళంలో వెయ్యో వంతుల) తేడా వస్తుంది, అందుకని ఇంకో 15 థౌలు తగ్గించి 1.116 దగ్గర స్థిరపరిచాను. ఈ అంకెలు ఆ బుల్లెట్‌కీ, ఆ గొట్టానికీ మాత్రమే. మీరు తీసుకోవద్దు, మీ గొట్టంతో మీరే కొలుచుకోండి. పౌడర్ మాన్యువల్ మొదటి తూకం నుంచి మళ్లీ చూసుకున్నాను. సగటు వేగం సెకనుకి 880 అడుగులు దగ్గర ఆగాను. 147తో గుణించి వెయ్యితో భాగిస్తే 129 చిల్లర, దాన్నే పవర్ ఫ్యాక్టర్ అంటారు. అమెరికా ప్రాక్టికల్ షూటింగ్ సంఘం యూఎస్‌పీఎస్ఏలో మైనర్ తరగతికి కావలసింది 125, కాబట్టి ఇంకా పైకి వెళ్లే అవసరం రాలేదు.

అక్కడి నుంచి ఇప్పటికి రెండు వేల రౌండ్లు దాటాయి. రెండు పిస్టళ్లలోనూ ఒక్కసారి కూడా స్లైడ్ ఆగలేదు.

ఇందులో డైకి ఎంత పేరు ఇవ్వాలి? నా లెక్కలో మూడో వంతు. మావాడి పిస్టల్‌లో ఇరుక్కున్న ఆ రౌండుని ఈ డై ఏమీ చెయ్యలేకపోయేది, ఎందుకంటే పొడవు మార్చడం దీని పని కాదు. పొడవు తప్పుంటే తప్పుగానే బయటికి వస్తుంది, కాకపోతే నున్నగా వస్తుంది. ఆ ఏడు వంకర రౌండ్లని మాత్రం సరిచేసి ఉండేది. అక్కడే నాకు ఒక భయం ఉంది. వంకరగా కూర్చున్న బుల్లెట్ వంకరగానే ఉండి, పై ఉబ్బు మాత్రం పోతుంది. రౌండు గేజిలో పాసవుతుంది, తప్పు లోపలే ఉండిపోతుంది. అందుకని నేను దీన్ని వాడే తీరు వేరు. హ్యాండిల్ లాగేటప్పుడు చేతికి రింగు పట్టు తెలుస్తుంది. మామూలు రౌండు దాదాపు ఏమీ తెలియకుండా వెళ్లి వస్తుంది. ఎక్కడైనా గట్టిగా పట్టిందంటే ఆ రౌండుని పక్కన పెడతాను, దాని కేస్ అడుగున ఏ కంపెనీ ముద్ర ఉందో చూస్తాను. మొదట్లో వందకి తొమ్మిది పది పట్టేవి. నోరు ఇంకాస్త విప్పడం నేర్చుకున్నాక, సీటింగ్ డైలో చదును ముక్కు కడ్డీ వేశాక, ఇప్పుడు వందకి రెండు మూడు. వాటిల్లో చాలావరకు గోడ మందంగా ఉన్న కేసులే.

ఎవరికి సరిపోదో కూడా చెప్పాలి. సొంతంగా పోత పోసిన సీసం బుల్లెట్లు వాడేవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. అవి 0.356, 0.357 లావుంటాయి. రింగు కేస్‌తో పాటు లోపలి బుల్లెట్‌ని కూడా నొక్కి సన్నం చేసే అవకాశం ఉంది. బుల్లెట్ గొట్టానికి వదులైతే గొట్టం నిండా సీసం అంటుకుంటుంది. వాళ్లకి మామూలు టేపర్ క్రింప్ డై మేలు. ఇంకోటి, షెల్ హోల్డర్ అడ్డం వల్ల రింగు కేస్ అడుగు అంచు దాకా రాలేదు. అక్కడ ఉబ్బు ఉంటే, ముందు మీ సైజింగ్ డై పూర్తిగా కిందికి దిగిందో లేదో చూసుకోండి. దిగినా పోకపోతే ఆ కేస్‌ని చెత్తలో వెయ్యండి. ఒక కేస్ కోసం పిస్టల్‌నీ చేతినీ పణంగా పెట్టకండి.

ఇక్కడి రేంజిల్లో ఇప్పుడు మనవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు. ఇండియాలో 9 ఎంఎం నిషేధిత బోరు, కాబట్టి ఇంటి దగ్గర మామూలు జనానికి ఇది చూసిన అలవాటు ఉండదు. ఇక్కడికి వచ్చాక వీడియోలు చూసి మొదలుపెడతారు. రీలోడింగ్ మొదలుపెట్టిన వాళ్లు నన్ను ఏ గేజి కొనాలి, ఏ డై కొనాలి అని అడుగుతుంటారు. ముందు పిస్టల్ విప్పి గొట్టం తీయండి అంటాను. తర్వాత మార్కర్, కాలిపర్. అవి చెప్పింది విన్నాక, ఉబ్బు సమస్య అని తేలితే ఈ డై కళ్లు మూసుకుని కొనండి. పొడవు సమస్య అని తేలితే ఆ పాతిక డాలర్లతో మంచి లోడింగ్ మాన్యువల్ కొనుక్కోండి. నా తరఫున ఐదుకి నాలుగు నక్షత్రాలు. ఆ ఒక్కటి తగ్గించింది, తప్పుని సరిచేస్తూనే దాచేస్తుందని.

మా బావమరిది ఇప్పుడు కొత్త బుల్లెట్ పెట్టె వచ్చిన ప్రతిసారీ ఫోన్ చేస్తాడు, "బావా, గొట్టం తీసుకుని రానా?" అని. వస్తాడు, అదే తువ్వాలు. నేను రౌండు వదులుతాను, ఇద్దరం ఆ టక్కు చప్పుడు విని, తను వేలితో తిప్పి చూసుకుని, అప్పుడు పౌడర్ డబ్బా మూత తీస్తాం.